పిల్లికూతలు

బడిలో ఊపిరందక కూలబడిన కూతుర్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తిన ఆ తండ్రి, పాప కోలుకున్నాక పరీక్షల కోసం పిల్లల డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకొచ్చాడు. ఒంటికి ఏది పడటం లేదో తెలుసుకోడానికి పాప ముంజేతి మీద వరసగా మందు చుక్కలు వేసి, ఒక్కో చుక్కలో సూదితో చిన్నగా గుచ్చారు. పిల్లి చుక్క దగ్గర ఏమీ లేవలేదు. కుక్క చుక్క దగ్గరా లేవలేదు. చిట్టచివరి చుక్క దగ్గర మాత్రం చర్మం ఎర్రగా పొంగి, పెద్ద దద్దురు కట్టింది. డాక్టరు దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ ఇంట్లో ఎలుకలున్నాయా?"

పాప తల్లికి ఎక్కడలేని రోషం వచ్చింది. "మా ఇంట్లోనా? ఎలుక మాట దేవుడెరుగు, చీమ కనపడినా నాకు నిద్ర పట్టదండీ. కావాలంటే ఇప్పుడే వచ్చి చూసుకోండి" అంది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. రోజంతా మిషను మీద కూర్చున్నా సాయంత్రానికి నేలమీద ఒక్క దారప్పోగు ఉండనివ్వదు.

"ఇల్లు బాగోలేదని కాదమ్మా. ఎలుకలున్న చోటికి పాప ఎక్కడికైనా వెళ్తుందా అని."

"ఎక్కడికి వెళ్తుంది? బడి, ఇల్లు. అంతే" అంది. అంటూనే ఆగిపోయింది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

అతను కుర్చీ అంచుకి జరిగాడు.

"నేను ఎలుకల దగ్గర పనిచేస్తాను సార్" అన్నాడు. "పరిశోధన సంస్థలో, యానిమల్ హౌస్‌లో. వాటి పెట్టెలు కడగడం, పొట్టు మార్చడం, దాణా పెట్టడం. కానీ పాపని ఒక్కనాడూ అక్కడికి తీసుకెళ్లలేదు. ఇంటికి ఏదీ తేలేదు."

"ఎలుకే రానక్కర్లేదు" అన్నాడు డాక్టరు. కుర్రవాడే, కాని తొందరపడే మనిషి కాదు. "దాని ఉచ్చ ఎండితే దుమ్మవుతుంది. వెంట్రుక, చర్మం మీది పొట్టు, అన్నీ గాల్లో లేస్తాయి. మీ జుట్టులో, చొక్కా మడతల్లో కూర్చుని మీతోపాటే బస్సెక్కి వస్తాయి. మంచం మీద, పరుపులో దిగుతాయి. మీరు పనినుంచి రాగానే పాపని ఎత్తుకుంటారా?"

దానికి పాపే జవాబు చెప్పింది. "నాన్న గేటు తీయగానే నేను దూకుతాను. చొక్కాలో మొహం పెట్టి వాసన చూస్తాను. బిస్కెట్ల వాసన వస్తుంది!"

అది బిస్కెట్ల వాసన కాదు. ఎలుకలకి పెట్టే దాణా వాసన. ఆ సంగతి అతనికి ఒక్కడికే తెలుసు.

డాక్టరు సొరుగులోంచి ఒక గొట్టం తీశాడు. పక్కన కొలత గీతలూ, ఒక చిన్న ముల్లూ ఉన్నాయి. గట్టిగా ఊదితే ముల్లు పైకి జరుగుతుంది, ఊపిరితిత్తుల్లో ఎంత సత్తువ ఉందో తెలుస్తుంది. సూది దెబ్బలు తిన్న పాప దాన్ని నమ్మలేదు. చేతులు రెండూ వెనక్కి దాచుకుని మూతి బిగించింది.

"పిచ్చుకా, ఇది నొప్పి పెట్టదురా. ముందు నేను ఊదుతా చూడు" అన్నాడతను. ఇంట్లో పాపని పిచ్చుక అనే పిలుస్తాడు. గొట్టం నోట్లో పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, బుగ్గలు పూరించి ఊదాడు. ముల్లు కాస్త కదిలి ఆగింది. వెంటనే దగ్గు తెర వచ్చి వంగిపోయాడు.

పాపకి హుషారొచ్చింది. డాక్టరు కొత్త మూతి తొడిగి ఇచ్చిన గొట్టాన్ని లాక్కున్నట్టే అందుకుని ఊదింది. ముల్లు తండ్రి గీత దాటి పైకి పోయింది.

"నాన్న ఓడిపోయాడు! అమ్మా, నాన్న ఓడిపోయాడు!" అని కుర్చీలో కూర్చునే గంతులేసింది.

"మా పిచ్చుక పహిల్వాను కదా మరి" అని అతనూ నవ్వాడు. ఆ నవ్వు చివర ఈల లాంటి చప్పుడొకటి సాగింది. డాక్టరు నవ్వలేదు. లేచి అతని వెనక్కి వచ్చి, చొక్కా పైకెత్తమని, వీపు మీద స్టెతస్కోపు పెట్టాడు. ఊపిరి తీయమన్నాడు. వదలమన్నాడు. మళ్లీ తీయమన్నాడు.

"ఎన్నాళ్లనుంచి ఈ పిల్లికూతలు?"

ఎలుకల గదిలో తోటివాళ్లు ఆ చప్పుడు విని, "ఏరా, ఎలుకల మధ్య పిల్లిని దాచావేంట్రా?" అని ఎన్నోసార్లు వేళాకోళం చేశారు. అంతకుముందు వాళ్లే అతనికి జోలపాట అని పేరు పెట్టారు. పెట్టెలు మార్చేటప్పుడు ఎలుకలు బెదరకుండా కూనిరాగం తీసేవాడని. ఇప్పుడు ఆ రాగం తీసే ఊపిరి లేదు, పేరు మాత్రం మిగిలింది. ఆయాసానికి అతను రోజుకో పేరు పెట్టుకున్నాడు. ఒకనాడు చలి అన్నాడు, ఇంకోనాడు బస్సు పొగ అన్నాడు. సెలవు రోజున తేలిగ్గా ఉండి, పనిలోకి వెళ్లిన పూటకి మళ్లీ ఛాతీ బిగుసుకుంటోందని గమనించకపోలేదు. గమనించి, పక్కకి నెట్టేశాడు.

"మీ ఇద్దరిదీ ఒకటే జబ్బు" అన్నాడు డాక్టరు. "మీది ముదిరింది. ఆ గదిలోకి మీరిక వెళ్లకూడదు. వెళ్తే ఏమవుతుందో పాప ముందు చెప్పను."

*

ఆ సాయంత్రం ఇల్లంతా వీధిలోకి వచ్చినట్టయింది. పరుపులు, దుప్పట్లు, తెరలు, తలగడ గలీబులు అన్నీ ఆమె లాక్కొచ్చి నీరెండలో పడేసింది. పెద్ద గిన్నెల్లో నీళ్లు మరిగించి ఒక్కొక్కటీ ఉడకబెట్టినంత పని చేసింది. అతని బట్టలన్నీ ఒక సంచీలో కుక్కి మూతి కట్టేసింది. అన్నీ చేసింది కాని ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. నాలుగు మాటలు పడితే అతనికీ కాస్త తేలికయ్యేది. తడి దుప్పటి ఒక కొస ఆమె పట్టుకుంటే రెండో కొస అతను పట్టుకుని పిండుతున్నాడు.

"మీకు తెలుసా?" అని అడిగింది చివరికి.

"ఏమిటి?"

"మీ ఆయాసం ఎలుకల వల్లనని."

"పనికి వెళ్లని రోజున తగ్గేది. అంతవరకే తెలుసు."

"అంతవరకు తెలిస్తే చాలదూ?"

దుప్పటి నీళ్లు వాళ్ల కాళ్ల మధ్య పడి మట్టిలో దారి చేసుకుంటున్నాయి.

"నాకొస్తే నేను పడదామనుకున్నానే" అన్నాడు. "ఇది పిచ్చుకని పట్టుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. నాకు వచ్చిన పని అదొక్కటే. కుర్రతనం నించీ అదే చేశాను."

"మానెయ్యండి."

"మా ఇన్‌చార్జి మేడమ్‌ని అడుగుతాను. ఆఫీసులో వెయ్యమంటాను. గేటు దగ్గర నిలబెట్టినా సరే అంటాను. కొంచెం ఓపిక పట్టు."

"నాకు ఓపిక ఉంది" అంది ఆమె. "పిల్లదానికి ఊపిరి ఉండాలి కదా."

అప్పట్నుంచి అతను పని ముగియగానే బస్టాండు పక్కనున్న స్నానాల గదికి వెళ్లి, తల రుద్దుకుని, అక్కడ దాచుకున్న వేరే బట్టలు కట్టుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అలా వచ్చినా ఆమెకి నమ్మకం కుదరలేదు. అతని పడక వరండాలోకి మారింది, కంచం వేరయింది. పాప గుమ్మం దగ్గర ఆగిపోవాలి. నాన్న దగ్గరికి రావచ్చు కాని మీద పడకూడదు, చొక్కాకి మొహం ఆనించకూడదు.

మొదట్లో పాప దీన్ని ఆటే అనుకుంది. గుమ్మం మీద గీత ఉన్నట్టు ఒంటికాలి మీద నిలబడి "ముట్టుకోలేదోచ్!" అని అరిచేది. ఆ తర్వాత అరవడం మానేసింది. ఒకరోజు తండ్రి వరండాలో చెప్పులు విప్పుతుంటే తలుపు చాటునుంచి చూస్తూ నిలబడింది.

"నాన్నా, నేను నిన్ను ఓడించాననా?"

"ఏంటమ్మా?"

"డాక్టరు దగ్గర. గొట్టంలో. నేను గెలిచాననే కదా నీకు కోపం? ఇంకోసారి ఊదుదాం నాన్నా. ఈసారి నేను మెల్లగా ఊదుతా."

"కోపం కాదమ్మా" అన్నాడు. ఎందుకు కాదో చెప్పబోయాడు. నా చొక్కాలో నీకు పడనిదేదో ఉందని ఆ పిల్లతో ఎలా చెప్పడం? పిచ్చుక కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. లోపల మిషను చప్పుడు ఒక్కక్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

*

ఇన్‌చార్జి మేడమ్ పశువుల డాక్టరు. యానిమల్ హౌస్ అంతా ఆమె చేతి కింద నడుస్తుంది. అతను లోపలికి వెళ్లేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉంది. కిటికీ మూసే ఉంది. పక్క గదిలోంచి పెట్టెల చప్పుడు, మూలుగుతూ తిరిగే ఎగ్జాస్టు ఫ్యాను చప్పుడు వినపడుతున్నాయి.

అతను చెప్పాల్సినదంతా చెప్పాడు. పాప సంగతి, తన సంగతి, గొట్టంలో ఊదిన సంగతి.

ఆమె అంతా విని, "ఎక్కడ వెయ్యను జోలపాటా నిన్ను?" అంది. "ఈ కట్టడంలో ఎలుకలున్న గదులు, చుంచులున్న గదులు, కుందేళ్లున్న గదులు. కడిగే చోట ఇంకా దుమ్ము. ఆఫీసులో పని నా చేతుల్లో లేదు. నీకు ఉబ్బసం ఉందని పైకి తెలిసిందా, నిన్ను లోపలికి రానివ్వకూడదు. లోపలికి రాని మనిషికి ఇక్కడ పని లేదు."

"నాకు పని దొరకదనే అనుకుందాం మేడమ్. మిగతావాళ్ల సంగతో? ఇక్కడి స్నానాల గదిలో దాణా బస్తాలు ఎందుకు పెట్టారు? ఆ పంపు తిరిగితే మేం ఇక్కడే కడుక్కుని ఇళ్లకి పోయేవాళ్లం కదా?"

"బస్తాలు పెట్టడానికి వేరే చోటు లేదు."

"మాకు మాస్కులిచ్చారు. ఎందుకిచ్చారు? మా జలుబు ఎలుకలకి అంటకుండా. ఎలుక తుమ్మితే మీకు చెప్పాలి. ఒకటి మేత మానేస్తే మీరే పరుగెత్తుకొస్తారు. నేను ఇన్నాళ్లుగా దగ్గుతున్నాను. ఏమైందిరా అని ఒక్కరు అడిగారా?"

అతను ఎప్పుడూ అంత గొంతెత్తి మాట్లాడలేదు. పక్క గదిలో పెట్టెల చప్పుడు ఆగిపోయింది.

"నా మీద అరిస్తే ఏం లాభం?" అని ఆమె కూడా గొంతు పెంచింది. "నేను అడగలేదనుకుంటున్నావా? ఫ్యాన్లు మార్చమని, గాలి బయటికి లాగే కొత్త పెట్టెలు కావాలని ఎన్నిసార్లు..."

మాట అక్కడే తెగిపోయింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. భుజాలు పైకి లేచి అలాగే ఉండిపోయాయి. మెడ దగ్గర చర్మం లోపలికి పీక్కుపోతోంది. రెండో చేత్తో సొరుగు తడుముకుని, నీలం రంగు ఇన్‌హేలరు తీసి నోట్లో పెట్టుకుని నొక్కింది. ఊపిరి బిగబట్టింది. మళ్లీ నొక్కింది.

అతను అదిరిపడి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఎవరో చెప్పినట్టు కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాడు. సీసాలో నీళ్లు గ్లాసులోకి వంచి చేతికిచ్చాడు. ఆమె ఛాతీలోంచి వచ్చే చప్పుడు అతనికి కొత్తది కాదు.

"మీకు కూడానా మేడమ్?"

ఆమె తలూపింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"నీకంటే ముందే" అంది. "ఫ్యాన్ల గురించి అడిగితే వచ్చే ఏడు అన్నారు. అలా అన్నవాళ్లే ఇప్పుడు లేరు. కొత్తవాళ్లు కూడా వచ్చే ఏడే అన్నారు. గట్టిగా అడుగుదామంటే, నీకెందుకంత తొందర అంటారు. నా సంగతి బయటపడితే నేనూ గేటు బయటే."

"మీరు డాక్టరు కదా."

"పశువులకి" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయిపోయింది.

అతను ఆమె మీద కోపం నింపుకుని వచ్చాడు. దారి పొడుగునా ఏమేం అనాలో కూడబలుక్కున్నాడు. ఇప్పుడు ఎదురుగా తనలాగే ఊపిరికి వెతుక్కుంటున్న మనిషి కూర్చుని ఉంది. మిగిలిందల్లా ఆ కోపమే, చివరికి అది కూడా దక్కలేదు. ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎవరిని అడగాలి? గోడలవతల వేల ఎలుకలు పొట్టులో మెత్తగా కదులుతున్నాయి. వాటి దుమ్ము ఎవరినీ అడక్కుండా తలుపు సందుల్లోంచి వచ్చిపోతోంది.

జేబులో ఫోను మోగింది.

"బడినించి కబురొచ్చింది" అంది భార్య. ఆటో కుదుపులకో, భయానికో, మాటలు ముక్కలుగా వస్తున్నాయి. "మళ్లీ పట్టేసిందట. పొద్దున్నే కాస్త జలుబుగా ఉంది, పంపకుండా ఉండాల్సింది. ఆటోలో ఉన్నాం. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను."

"వస్తున్నాను."

"వద్దు! మీరు... ఆ బట్టలతో రాకండి. స్నానం చేసి రండి. మీకు దణ్ణం పెడతాను."

ఆ మాటల వెనక, బాగా దగ్గరగా, సన్నగా వినపడింది. "నాన్న కావాలి." ఆ తర్వాత లైను పోయింది.

అతను స్నానాల గదికి పరుగెత్తి తలుపు లాగాడు. బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పంపు వాటి వెనకెక్కడో ఉంది. ఒక బస్తా లాగాడు, ఇంకొకటి లాగాడు. మూడోదానికి ఊపిరి అందక దాని మీదే వాలిపోయాడు. పెరట్లో కుళాయి కింద మొహం, చేతులు కడుక్కున్నాడు. పని కోటు విప్పి తన చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా కూడా పొద్దుటినుంచి ఆ గది గోడకే వేలాడుతోంది. శుభ్రమైన బట్టలు బస్టాండు దగ్గరున్నాయి, ఆస్పత్రి దానికి పూర్తిగా అవతలి వైపు.

దూరంనుంచి చూస్తాను, అనుకున్నాడు. ఒక్కసారి కళ్లతో చూసి, అప్పుడు వెళ్లి స్నానం చేస్తాను.

*

పిల్లల వార్డు పై అంతస్తులో ఉంది. మెట్లెక్కేసరికి కళ్లముందు చుక్కలు తిరిగాయి. వార్డు తలుపు మూసి ఉంది. పెద్దవాళ్ల తల ఎత్తున దానికి ఒక చదరపు అద్దం. అద్దం పక్కన గోడకి ఆనుకుని, ఒక కన్ను మాత్రం లోపలికి పెట్టి చూశాడు.

మూడో మంచం మీద పిచ్చుక కూర్చుని ఉంది. మొహానికి మాస్కు, దాంట్లోంచి తెల్లగా పొగలా మందు వస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా చిన్న భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. తల్లి కనపడలేదు. మందుల కోసం కిందికి వెళ్లినట్టుంది, ఆమె చేతిసంచీ మంచం మీదే ఉంది. నర్సు దూరంగా ఇంకో పిల్లవాడి మీదికి వంగి, ఇటు వీపు పెట్టి నిలబడింది.

చూశాడు. ఇక వెళ్లాలి. ఇంకొక్క క్షణం, అనుకున్నాడు.

పాప తల తిప్పింది. చూపు తిన్నగా అద్దం మీదికి వచ్చి ఆగింది. మాస్కు వెనకనుంచే ఆ మొహం వెలిగింది.

అతను చెయ్యి ఊపాడు. రావద్దని ఊపాడు. పిల్లకి అది రమ్మన్నట్టు అనిపించింది. రెండు చేతులతో మాస్కు లాగి పారేసింది. మంచం దిగింది. చెప్పుల్లేని కాళ్లతో, మధ్యలో ఒకసారి మంచం కోడు పట్టుకుని ఆగి, మళ్లీ తలుపు వైపు పరుగెత్తుకొచ్చింది.

పారిపోవాలనుకున్నాడు. పారిపోతే మెట్ల దాకా వెంటపడి వస్తుంది. తలుపు ఇటువైపే తెరుచుకుంటుంది. అతను ఒళ్లంతా దానికి ఆనించి, భుజంతో అదిమి పట్టాడు. ఆ వెంటనే అవతల చిన్న ఒళ్లు వచ్చి తగిలింది.

"నాన్నా!"

చిన్న పిడికిళ్లు తలుపుని బాదుతున్నాయి.

"నాన్నా, తలుపు తియ్యి! నాన్నా, నేను..."

వెళ్లి మంచమెక్కమ్మా, మాస్కు పెట్టుకోమ్మా అని చెబుదామనుకున్నాడు. నర్సుని కేకవేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు కాని గొంతులోంచి ఈల తప్ప ఏమీ రాలేదు. ఎంత లాగినా ఊపిరి లోపలికి దిగడం లేదు. అద్దం మీద అరచేత్తో కొట్టాడు. నర్సు తిరగలేదు. ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు, ఆ ఏడుపులో ఇది కలిసిపోతోంది.

అవతల బాదడం నెమ్మదించింది. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి. గీరినట్టు ఏదో చప్పుడు, తలుపు వెంబడి కిందికి జారింది.

తర్వాత ఏమీ వినపడలేదు.

అద్దంలోంచి వార్డంతా కనపడుతోంది. ఖాళీ మంచం, నేలమీద పొగ కక్కుతున్న మాస్కు, నర్సు వీపు, అన్నీ కనపడుతున్నాయి. తలుపుకి ఆనుకుని కింద ఏముందో మాత్రం కనపడటం లేదు. తీస్తే తన ఒంటి దుమ్మంతా వెళ్లి ఆ మొహం మీదే పడుతుంది. తీయకపోతే? అతని చెయ్యి పిడి మీదికి వెళ్లి, అక్కడే బిగుసుకుపోయింది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడయింది. భార్య మందుల పొట్లంతో పైకి వచ్చి, చివరి మెట్టు మీద నిలబడిపోయింది. అతని చొక్కా వైపు చూసింది. తలుపుని అదిమిన భుజం వైపు చూసింది.

"ఏమండీ" అంది. "ఆ తలుపెందుకు పట్టుకున్నారు?"